రిటర్న్ ఖర్చంతా మన నెత్తినే వేశారు, చేనేత సరుకు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

గట్టుప్పల్_మగ్గం

అందరికీ నమస్తే. మాది గట్టుప్పల్. మా ఇంటి మగ్గాలు, మా బాబాయి వాళ్లవి, వాడకట్టులో ఇంకొందరివి కలిపి వచ్చే సరుకు నేను ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముతాను. కాటన్ ఇక్కత్ చీరలు, దుపట్టాలు, ఎప్పుడైనా ఎవరైనా అడిగితే సీకో (పట్టు, నూలు కలిపి నేసేది). సైట్ పేరు రాయను, రాసినా లాభం లేదు, అన్నీ ఒకే తానులో ముక్కలు.

సంగతేంటంటే సరిగ్గా దసరా గిరాకీ మొదలయ్యే ముందు పాలసీ మార్చారు. ఇంగ్లిష్‌లో ఒక మెయిల్ పంపారు, అది తెరిచి చదివేసరికే కొత్త రేట్లు నడుస్తున్నాయి. ఇదివరకు కస్టమర్ చీర వెనక్కి పంపితే తెచ్చే ఖర్చు కొంత వాళ్లు పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు మొత్తం మన సెటిల్‌మెంట్‌లో, అంటే సైట్ మనకు వేసే డబ్బుల్లో కోత. పార్సిల్ బరువు కూడా అంతే, కాంటా మీద ఎంత తూగితే అంత కాకుండా డబ్బా సైజు చూసి రేటు వేస్తున్నారు. డబ్బులు కూడా డెలివరీ అయిన వారానికి పడేవి, ఇప్పుడు రిటర్న్ గడువు పూర్తిగా దాటితే తప్ప రావు. మజూరీ మాత్రం నేను వారం వారం ఇవ్వాల్సిందే, నేసేవాళ్లకు 'రిటర్న్ విండో దాటాక ఇస్తాను' అని చెప్తే మగ్గం దిగి వేరే సేటు దగ్గరికి పోతారు, పోవాలి కూడా.

ఒక్క చీర లెక్క చెప్తాను. 2,400 రూపాయల కాటన్ ఇక్కత్. నూలు, రంగులు, చిటికి (డిజైన్ కోసం నూలుకు వేసే ముడులు) కట్టినందుకు, నేసినందుకు, సైట్ కమిషన్, అన్నీ పోగా నాకు మిగిలేది 250 అటూ ఇటూ. ఆ చీర వేరే రాష్ట్రం వెళ్లి వెనక్కి వచ్చింది. పంపిన ఖర్చు 132, తిరిగి తెచ్చిన ఖర్చు 198, రెండూ జీఎస్టీతో కలిపి. మొత్తం 330 కోత. అంటే ఆ చీర మీద ఏమీ రాలేదు సరే, ఇంకో చీర మీద రావాల్సింది కూడా పోయింది. పార్సిల్ విప్పి చూస్తే కింది అంచు పొడుగునా సన్నగా సూది రంధ్రాలు, ఫాల్ కుట్టి, కట్టుకుని, విప్పి పంపారు. ఫోటోలు తీసి క్లెయిమ్ వేశాను. 'మీరు ఇచ్చిన ఆధారాలు సరిపోవు, మీ ఓపికకు ధన్యవాదాలు' అని జవాబు. నా ఓపిక గురించి వాళ్లకేం తెలుసో మరి.

వెనక్కి పంపడానికి రాసిన కారణం ఇంకా బాగుంది: డిఫెక్టివ్, డిజైన్ మసకగా ఉంది. ఇక్కత్ అంటేనే నూలుకు ముందే చిటికి కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కించేది. ముడి కిందికి రంగు కొద్దిగా పాకుతుంది, నేసేటప్పుడు పోగు ఒక పిసరు జరుగుతుంది, అందుకే పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది కూడా. అంచు నిక్కచ్చిగా ఉండి వెనక వైపు వెలిసినట్టు ఉంటే అది ప్రింటు. ఇప్పుడు కొత్త పాలసీలో 'క్వాలిటీ రిటర్న్స్' పెరిగితే రేటింగ్ తగ్గిస్తారట. చేతితో నేసినందుకు రేటింగ్ పోతోంది. పైగా డ్యాష్‌బోర్డ్‌లో రోజూ ఎర్ర గుర్తు, 'ఇలాంటి వస్తువుల కంటే మీ ధర ఎక్కువ' అని. ఆ ఇలాంటి వస్తువు ఏందా అని నొక్కితే 499 రూపాయల ఇక్కత్ ప్రింటు చీర!

నాకు తెలియాల్సింది ఇది. ఈ రిటర్న్ ఖర్చు మీరు ధరలో కలుపుతున్నారా, కలిపితే గిరాకీ తగ్గలేదా? నో రిటర్న్ అని పెట్టుకోవచ్చా? ముందు చెప్పకుండా ఇట్లా మార్చడం మీద ఎక్కడైనా గట్టిగా అడిగే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఊరికే 'బిజినెస్‌లో ఇవన్నీ మామూలే' అనేవాళ్లు జర ఆగండి.

మిర్యాల_కుట్టుమిషన్

అన్నా, నేను కుర్తీలు అమ్మేవాడిని, ఆపేశా. యాప్ ఫోన్లోంచి తీసేశాక బీపీ తగ్గింది, ఇది జోక్ కాదు.

చీరకు సైజు గొడవ లేదు, మీరు అదృష్టవంతులు. మా దగ్గర ఒకే అడ్రసుకు ఎం, ఎల్, ఎక్స్ఎల్ మూడూ ఆర్డర్ పెట్టి, ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపుతారు. పాత పాలసీలోనే దానికి నడుం విరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 లోపు బట్టలకు జీఎస్టీ 5 శాతం అయింది కదా, వెయ్యి దాటిన కుర్తీకి అంతకుముందు 12 కట్టేవాళ్లం. ఇగ కాస్త ఊపిరి ఆడుతుంది అనుకున్నా. సైట్ వాళ్లు అదే అదనుగా 'తగ్గిన పన్ను మేరకు ధర తగ్గించండి' అన్నారు, అది న్యాయమే, తగ్గించా. కానీ తర్వాత వాళ్ల ఫీజులు పెరిగితే ధర పెంచుకోబోతే 'మీ ధర పోటీకి తగినట్టు లేదు' అని లిస్టింగ్ అడుక్కి తోశారు. దిగడానికి మెట్లున్నాయి, ఎక్కడానికి లేవు. ఇప్పుడు సాగర్ రోడ్డులో షాపులో కూర్చుని కుట్టి అమ్ముకుంటున్నా, అమ్మింది తక్కువే, కానీ అమ్మింది అమ్మినట్టే ఉంటుంది.

గద్వాల_కోడలు

తమ్మీ, ఆపేయమని నేను చెప్పను. దాంట్లోంచే నాకు చెన్నై, పుణె కస్టమర్లు వచ్చారు, గద్వాలలో కూర్చుంటే ఎవరు వస్తారు. కానీ లెక్క మార్చుకోవాలి.

ముందు డబ్బా సంగతి. వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, కొరియర్ వాళ్లందరిదీ దాదాపు అదే లెక్క. నేను ఇదివరకు 38, 28, 6 డబ్బా వాడేదాన్ని. గుణిస్తే 6,384, భాగిస్తే దగ్గర దగ్గర 1.28 కిలో. చీర తూకం ముప్పావు కిలో కూడా ఉండదు, బిల్లు మాత్రం కిలోన్నర స్లాబులో పడుతుంది. అదే చీర 34, 26, 4 వచ్చేలా మడిచి కొరియర్ కవర్‌లో పెడితే 0.71, కిలో స్లాబు. పోనూ రానూ రెండు సార్లూ మిగులుతుంది. మీ కాటన్ ఇక్కత్‌కు కవరే చాలు, లోపల ఒక పలుచని అట్ట పెట్టండి. మాకు అది కుదరదు. గద్వాల చీరలో ఒళ్లు కాటన్, అంచు కొంగు పట్టు, జరీ. పలుచని కవర్‌లో నలిగి మడత దగ్గర జరీ విరిగిందంటే అప్పుడు కస్టమర్ డిఫెక్ట్ అన్నా నిజమే, నోరెత్తలేం. అందుకే పట్టు అంచుకు డబ్బా, దాని ఖర్చు ధరలోనే.

ఇక కట్టుకుని తిప్పి పంపేవాళ్లు. కొంగు మీద, బయటికి కొట్టొచ్చినట్టు కనిపించే చోట, దారంతో ఒక ట్యాగ్ వేసి సీల్ చేయండి. 'ఇది తెగితే రిటర్న్ లేదు' అని ట్యాగు మీదా, లిస్టింగ్ ఫోటోలోనూ ఉండాలి. అంచు లోపల దాచి కడితే లాభం లేదు, ఆ ట్యాగు ఉంచుకునే పెళ్లికి పోయి వస్తారు, ఫోటోలో పడకుండా కొంగు తిప్పుకుంటారు అంతే. ప్యాక్ చేసేటప్పుడు ఆర్డర్ లేబుల్, చీర, ట్యాగు ఒకే వీడియోలో ఆపకుండా తీయాలి. విప్పేటప్పుడు కూడా అంతే, ముందు సీల్ వేసి ఉన్న పార్సిల్ నాలుగు వైపులా చూపించి, బార్‌కోడ్ దగ్గరగా చూపించి, అప్పుడు కత్తెర పెట్టాలి. మీది ఫోటోలు మాత్రమే కాబట్టి తోసేశారు. వీడియో ఉంటే అన్నీ ఇస్తారని కాదు, నాకూ తిరస్కరించారు, కానీ ఇచ్చినవి కూడా ఉన్నాయి.

ధరలో కలపాలా అంటే కలపాల్సిందే. మీ లెక్కే తీసుకుందాం. పది పంపితే రెండు వెనక్కి వస్తాయి అనుకోండి, 330 చొప్పున 660 పోయింది. ఆ 660 మిగిలిన ఎనిమిది చీరల మీద పడాలి, అంటే చీరకు 83. దుపట్టాకూ పోను రాను ఖర్చు కాస్త అటు ఇటుగా అంతే, మరి 700 రూపాయల దుపట్టా మీద 83 ఎక్కిస్తే ఎవరు కొంటారు? అందుకే నేను తక్కువ ధరవి విడిగా అమ్మను, రెండు కలిపి సెట్టు చేసి పెడతాను. సైట్ ఒప్పుకునే చోట క్యాష్ ఆన్ డెలివరీ తీసేయండి. ఆర్డర్లు తగ్గుతాయి, నిజమే, కానీ తలుపు దగ్గరే 'వద్దు, తీసుకుపో' అనేవి అందులోనే ఎక్కువ.

ఇంకొకటి. పండగ సేల్‌లో మిమ్మల్ని అడగకుండానే చేర్చి ఉంటారు చూడండి. సెట్టింగ్స్‌లో ఎక్కడో మూలన టిక్కు పెట్టి ఉంటుంది. తీసేయండి.

దేవరకొండ_టు_కొండాపూర్

నేను అమ్మేవాడిని కాదు, కొనేవాడిని. తిట్టుకోకపోతే ఒక మాట. మా అమ్మకు ఒక సైట్‌లో 'పోచంపల్లి ఇక్కత్' అని రాసి ఉన్న చీర 1,100కి కొన్నాను. వచ్చింది ప్రింటు. మా అమ్మ కొంగు తిప్పి వెనక వైపు చూసి ఒక్క క్షణంలో చెప్పేసింది, నేనైతే కట్టించేవాడిని. ఆ రోజు రిటర్న్ లేకపోతే నా డబ్బులు గోవిందా. మీకు రిటర్న్ అంటే నష్టం, మాకు అదొక్కటే ధైర్యం. ముక్కూ మొహం తెలియని వాళ్లకు ముందే డబ్బులు కట్టి కొంటున్నాం కదా. అది తీసేస్తే మీ దగ్గర కూడా ఎవరూ కొనరు. ఖర్చు ఎవరు భరించాలి అనేది వేరే గొడవ, అది మీకూ సైట్‌కూ మధ్య.

గట్టుప్పల్_మగ్గం

దేవరకొండ అన్నా, తిట్టుకోవడం ఎందుకు, మీరన్నది కరెక్టే. రిటర్నే వద్దు అనట్లేదు నేను. మీ అమ్మగారికి తెలిసినంత సైట్‌లో కూర్చుని క్వాలిటీ చూసేవాళ్లకు తెలియదు, నా బాధ అది. ప్రింటు పంపినవాడికీ నాకూ ఒకటే రూలు, ఒకటే కోత. వాడి చీర 499, మజూరీ లేదు, పది వెనక్కి వచ్చినా ఇస్త్రీ చేసి మళ్లీ పంపుతాడు. నా దగ్గర ఆ రంగులో ఆ డిజైన్ ఒక వార్పుకు, అంటే ఒకసారి మగ్గానికి ఎక్కించిన పడుగుకు వచ్చినన్నే, ఒకటి పాడైతే పాడైనట్టే.

ఇంకో విచిత్రం చెప్పనా. మా ఇంటి అరుగు మీద చీర పరిచి తీసిన ఫోటో ఉంది, పక్కన మా నానమ్మ బియ్యం చేట కూడా కనిపిస్తుంది. అదే ఫోటో, అదే చేట, ఒక ప్రింటు చీరల లిస్టింగ్‌లో ఉంది, 549కి. ఫిర్యాదు చేస్తే 'ఈ ఫోటో మీదే అని రుజువు చూపండి' అన్నారు. అరుగు ఎక్కడి నుంచి పట్టుకొచ్చి చూపించాలి.

గద్వాల అక్కా, ట్యాగు సంగతి రేపే మొదలుపెడతా. సేల్ టిక్కు చూశాను, పెట్టే ఉంది! తీసేశా.

నల్గొండ_నల్లకోటు

చట్టం సంగతి అడిగారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను, తియ్యగా ఉండదు.

మీరు రిజిస్టర్ అయినప్పుడు 'ఐ అగ్రీ' నొక్కారు కదా, అదే మీ కాంట్రాక్టు. 2020 జులై 23న వచ్చిన కన్జూమర్ ప్రొటెక్షన్ ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సెల్లర్‌కూ సైట్‌కూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, సైట్లు ఆ నొక్కుడునే ఒప్పందంగా చూపిస్తాయి. అందులో 'మేము నిబంధనలు మార్చవచ్చు, మీరు అమ్మకం కొనసాగిస్తే ఒప్పుకున్నట్టే' అనే వాక్యం దాదాపు అందరిదీ ఉంటుంది. వివాదం వస్తే మధ్యవర్తిత్వం, అది కూడా సాధారణంగా బెంగళూరులోనో ఢిల్లీలోనో. 330 రూపాయల కోసం గట్టుప్పల్ నుంచి ఎవరు పోతారు, అది రాసినవాళ్లకూ తెలుసు.

ముందుగా నోటీసు ఇవ్వాలి అనే నియమం యూరప్‌లో ఉంది. 2019లో యూరోపియన్ యూనియన్ ఒక రెగ్యులేషన్ తెచ్చింది, 2020 జులై 12 నుంచి అమల్లో ఉంది. నిబంధనలు మార్చే ముందు అమ్మకందారుకు కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి, అకౌంట్ ఆపితే కారణం రాసి ఇవ్వాలి. మన 2020 రూల్స్‌లో సెల్లర్ కోసం అలాంటి గడువు లేదు. 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి అనేది ఉంది కానీ అది కొనుగోలుదారుడి ఫిర్యాదుకు. అయితే ఒకటి మీకు పనికొస్తుంది. ఒకే రకం వస్తువు అమ్మే సెల్లర్ల మధ్య సైట్ తేడా చూపిస్తే ఆ తేడా ఏమిటో సైట్‌లో వివరించాలి, వస్తువులను ఏ ప్రమాణాలతో పైకీ కిందికీ పెడుతున్నారో కూడా చెప్పాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ రూల్ ఎత్తి చూపించి రాయండి, 'అన్యాయం అండీ' అని రాస్తే టెంప్లేట్ జవాబే వస్తుంది.

నో రిటర్న్ సంగతి. మనసు మారింది, రంగు నచ్చలేదు అంటే తీసుకోవాలని చట్టం ఎక్కడా అనలేదు, అది సైట్ పాలసీ మాత్రమే. కానీ వస్తువు లోపంగా ఉన్నా, నకిలీ అయినా, లిస్టింగ్‌లో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోను అనడానికి అవే రూల్స్ ఒప్పుకోవు. కాబట్టి మీ బలం అంతా లిస్టింగ్ రాతలో ఉంది. 'నూలుకు చేతితో చిటికి కట్టి, రంగు అద్ది నేసిన చీర, డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, రెండు వైపులా ఒకేలా ఉంటుంది' అని తెలుగులో, ఇంగ్లిష్‌లో, హిందీలో పెట్టండి, దగ్గరి నుంచి తీసిన ఫోటో పెట్టండి. అప్పుడు 'మసకగా ఉంది' అనే రిటర్న్‌ను 'చెప్పినట్టే ఉంది' అని ఎదుర్కోవచ్చు.

ప్రింటు చీరకు పోచంపల్లి ఇక్కత్ పేరు పెట్టి అమ్మేవాడి మీద మాత్రం మీకు నిజంగానే ఆయుధం ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో. 1999 జీఐ చట్టం కింద ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడే హక్కున్నవాడిగా నమోదు చేసుకుంటే, ఆ పేరును తప్పుగా వాడినవాడి మీద సంఘమే కాదు, మీరూ కోర్టుకు పోవచ్చు. కోర్టుదాకా పోకపోయినా ఆ సర్టిఫికెట్ జత చేసిన ఫిర్యాదుకు సైట్ దగ్గర విలువ వేరు. ఊళ్లో నేతన్నలు నలుగురు కలిసి దరఖాస్తు చేసుకోండి. దేవరకొండ బ్రదర్ లాంటి కొనుగోలుదారులు 1915కి, అంటే నేషనల్ కన్జూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అది కూడా రికార్డులోకి ఎక్కుతుంది.

పేట_గళ్లచీర

నారాయణపేట నుంచి. వకీల్ సాబ్, చిన్న పరిశ్రమల ఎంఎస్ఎంఈ చట్టంలో 45 రోజుల్లో డబ్బులు ఇవ్వాలి అని ఉంది కదా, వాళ్ల బకాయిల ఫిర్యాదు పోర్టల్‌లో వేస్తే? మా దోస్తు ఒకడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఆ చట్టం కింద చిన్న వ్యాపారంగా నమోదు) చేయించుకుని అదే నమ్మకంతో ఉన్నాడు.

నల్గొండ_నల్లకోటు

ఆ 45 రోజుల లెక్క మీ దగ్గర సరుకు కొన్నవాడికి వర్తిస్తుంది. మార్కెట్‌ప్లేస్ సైట్ 'మేము కొనలేదు, కొన్నది కస్టమర్, మేము మధ్యలో వేదిక మాత్రమే' అంటుంది. రూల్స్ పెట్టేటప్పుడు యజమాని, బాధ్యత వచ్చినప్పుడు మధ్యవాడు. సైట్‌కు సంబంధించిన హోల్‌సేల్ కంపెనీ మీ దగ్గర ఇన్వాయిస్ మీద నేరుగా కొని ఉంటే అప్పుడు వేయొచ్చు. ఉద్యమ్ ఉచితం కాబట్టి చేయించుకోవడంలో తప్పులేదు, ఎవరికీ డబ్బులు ఇవ్వకండి దానికి.

పెద్ద సైట్ల మీద కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే సంస్థ) 2020 జనవరిలో దర్యాప్తుకు ఆదేశించింది, ఢిల్లీ వ్యాపారుల సంఘం ఫిర్యాదు మీద. కొందరు సెల్లర్లకే పెద్దపీట వేస్తున్నారు అనేది అందులో ముఖ్య ఆరోపణ. అంతకుముందు 2018 డిసెంబర్ 26న వచ్చిన కేంద్ర ప్రభుత్వ ప్రెస్ నోట్ 2 కూడా, విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు సెల్లర్లందరికీ ఒకేలాంటి సేవలు ఒకేలాంటి షరతుల మీద ఇవ్వాలి అనే చెప్పింది. ఇవన్నీ ఉన్నాయి. వీటిని పట్టుకుని ఒక్క చిన్న సెల్లర్ తన కోత వెనక్కి తెచ్చుకోవాలంటే మాత్రం చాలా దూరం.

పాలమూరు_పద్దులు

అందరూ రిటర్న్ చుట్టూనే తిరుగుతున్నారు, నేను పన్నుల వైపు నుంచి చెప్తా, ఎందుకంటే మహబూబ్‌నగర్‌లో నా దగ్గరికి వచ్చే చిన్న సెల్లర్లలో సగం మందికి పైగా తమకు రావాల్సిన డబ్బులు పోర్టల్‌లోనే వదిలేసి ఉన్నారు.

సైట్ మీ అమ్మకం మీద జీఎస్టీ టీసీఎస్, అంటే ముందుగానే కొంత పన్ను పట్టుకుంటుంది. మొదట్లో 1 శాతం, 2024 జులై 10 నుంచి 0.5 శాతం. మీ 2,400 చీరలో పన్ను తీసేస్తే విలువ 2,286, దాని మీద 11 రూపాయల 43 పైసలు. చిన్నదే, కానీ అన్ని చీరలకూ కలిపి ఏడాదికి లెక్కేసుకోండి. ఇది ఫీజు కాదు, మీ డబ్బే, జీఎస్టీ పోర్టల్‌లో మీరు యాక్సెప్ట్ కొడితే మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పన్ను కట్టుకోవడానికి వాడుకునే మీ ఖాతాలోకి వస్తుంది. కొట్టకపోతే అక్కడే ఉంటుంది. ఇన్‌కమ్ టాక్స్ టీడీఎస్ వేరు, అది 2024 అక్టోబర్ 1 నుంచి 1 శాతం కాస్తా 0.1 అయింది, వ్యక్తిగతంగా అమ్మేవాళ్లు పాన్ ఇచ్చి ఏడాదికి 5 లక్షలు దాటకపోతే పట్టనే పట్టరు. పట్టి ఉంటే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసి తెచ్చుకోండి.

కమిషన్ మీద, షిప్పింగ్ మీద సైట్ వేసే 18 శాతం జీఎస్టీ ఉంది కదా, మీరు రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌లో ఉంటే అది ఇన్‌పుట్ క్రెడిట్, మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఆ 330లో దాదాపు 50 రూపాయలు పన్నే. నెలనెలా సైట్ ఇచ్చే ఫీజు ఇన్వాయిస్ దించుకోకుండా చాలామంది సెటిల్‌మెంట్ షీట్ ఒక్కటే నాకు పంపుతారు, దాని మీద క్రెడిట్ తీసుకోలేం.

ఇక జీఎస్టీ లేని నేతన్నల సంగతి. మన తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు కూడా రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలే, పక్క రాష్ట్రం వాళ్ల వీడియోలు చూసి 40 అనుకోకండి. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మాలంటే ఒకప్పుడు ఒక్క రూపాయి అమ్మినా జీఎస్టీ తప్పనిసరి. 2023 అక్టోబర్ 1 నుంచి పరిమితి లోపు ఉన్నవాళ్లు పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని అమ్మొచ్చు, కాంపోజిషన్ వాళ్లకూ (అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారులకు) అప్పుడే దారి తెరిచారు. కానీ రాష్ట్రం లోపలే. గట్టుప్పల్ నుంచి వరంగల్‌కు పంపొచ్చు, బెంగళూరుకు పంపకూడదు. నా సలహా అడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు. హైదరాబాద్ ఒక్కటి చాలు గిరాకీకి, దగ్గర కాబట్టి పోను రాను ఖర్చు కూడా తక్కువ పడుతుంది.

పేట_గళ్లచీర

పద్దుల సార్ చెప్పింది నిజం, మేము దూరం ఆర్డర్లు తగ్గించుకున్నాం. సైట్‌లో నాలుగు రకాలే పెడతాం, మా దగ్గర ఎప్పుడూ నేసేవి, గళ్లచీర, సన్న అంచుది. ఒకటి వెనక్కి వచ్చినా మళ్లీ పోతుంది. మంచివి, ఒకటే పీసు ఉండేవి సైట్‌లో పెట్టం. అవి వాట్సాప్‌లో. పాత కస్టమర్‌కు వీడియో కాల్‌లో కొంగు, అంచు, వెనక వైపు చూపిస్తాం, యూపీఐలో డబ్బులు పడ్డాక స్పీడ్ పోస్ట్‌లో వేస్తాం. అలా పోయిన చీర వెనక్కి రావడం చాలా అరుదు, చూసి కొన్నారు కదా. పార్సిల్‌లో మా నంబర్ కార్డు పెట్టొద్దని సైట్ రూలు, పెట్టం. కానీ చీర అంచుకు కట్టే మా లేబుల్ మీద మా పేరు, ఊరు ఉంటాయి, కావాల్సినవాళ్లు వాళ్లే వెతుక్కుంటారు. కేంద్ర జౌళి శాఖ వాళ్ల ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ 2023లో వచ్చింది, నేతవాళ్ల దగ్గర కమిషన్ తీసుకోదు, అందులో కూడా పెట్టి చూడండి.

గద్వాల అక్కకు ఒక్క మాట, రెండు కలిపి సెట్టు అంటే ఒకటి నచ్చి ఒకటి నచ్చకపోతే రెండూ వెనక్కి వస్తాయి, మాకు అలాగే జరిగింది.

గద్వాల_కోడలు

వస్తాయి. ఒకే రంగు కుటుంబంలోవి కలిపితే తక్కువ వస్తాయి. ఎరుపు పక్కన నెమలికంఠం పెడితే వస్తాయి మరి.

గట్టుప్పల్_మగ్గం

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. దుపట్టాలు సైట్‌లోంచి తీసేస్తున్నా, చీరల్లో ఎప్పుడూ నేసే రెండు మూడు డిజైన్లు మాత్రం ఉంచుతా, ధర 85 పెంచి చూస్తా. పడుగు, పేక రెండింటికీ చిటికి కట్టే డబుల్ ఇక్కత్ ఇక సైట్‌లో కనిపించదు. జీఐ ఆథరైజ్డ్ యూజర్ సంగతి సంఘంలో అడిగాను, మా ఊళ్లో కొందరికి ఉందట, మిగతావాళ్లం కలిసి వేస్తాం. ఆ అరుగు ఫోటో ఒరిజినల్ ఫైలు ఫోన్లో తేదీతో సహా ఉంది, అది పంపి మళ్లీ ఫిర్యాదు పెట్టాను.

పద్దుల అన్నా, టీసీఎస్ యాక్సెప్ట్ అన్నారు కదా, నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా కొట్టలేదు, అది ఎక్కడుంటుందో కూడా తెలియదు. మా దగ్గర జీఎస్టీ రిటర్న్స్ వేసే ఆయన్ని అడిగితే 'అది చిన్న అమౌంట్‌లే' అన్నాడు. పాత నెలలవి ఇప్పుడు కూడా వస్తాయా?

పాలమూరు_పద్దులు

వస్తాయి. ఆయనకు చిన్న అమౌంటే, నీకు కాదు.

పోర్టల్‌లో లాగిన్ అయ్యాక సర్వీసెస్‌లో రిటర్న్స్ కింద 'టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్' అని ఉంటుంది. సంవత్సరం, నెల ఎంచుకుంటే ఏ సైట్ ఎంత పట్టిందో కనిపిస్తుంది. సెటిల్‌మెంట్ షీట్‌తో సరిచూసుకుని యాక్సెప్ట్ పెట్టి, ఓటీపీతో ఫైల్ చేయి. తేడా ఉంటే యాక్సెప్ట్ చేయకుండా ముందు సైట్‌కు రాయి. పాత నెలల నుంచి మొదలుపెట్టి వరుసగా రా. ఈ నెలది ఇప్పుడే వెతికితే దొరకదు, సైట్ వాళ్లు జీఎస్టీఆర్-8 (పట్టిన టీసీఎస్ లెక్క చెప్పే రిటర్న్) వేశాకే అందులోకి వస్తుంది, వాళ్ల గడువు వచ్చే నెల 10. అది దాటాక చూడు.